కడలి అంచున గోడ

కాకినాడనుండి ఉప్పాడకు పోవు బీచి రోడ్డుపై, అమావాస్య పోటునకు తూర్పుగాలి తోడైన వేకువజామున నిలిచి చూచువారికి, భూమి ఎచ్చట ముగిసినదో సముద్రము ఎచ్చట మొదలైనదో తెలియరాదు. అల వచ్చి నల్లరాళ్ళ కట్టను కొట్టును. కొట్టిన నీరు నిలువెత్తున లేచి, ఒక్క క్షణము తెల్లని తెరవలె నిలిచి, రోడ్డుమీద వానయై కురియును. ఆ నీరు వెనుకకు మరలునపుడు రాళ్ళ సందులలోని సన్నరాయి దొర్లుచు చేయు సవ్వడి, చేటలో బియ్యము చెరిగిన చప్పుడువలె, చాలసేపు చెవిలో నిలిచిపోవును. రోడ్డును మూసివేయుదురు. ఆటోలు వెనుదిరుగును. చేపల గంపలతో బయలుదేరిన ఆడవారు గంపలు దింపి, పోటు తగ్గువరకు గట్టుమీద కూలబడుదురు.

సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట వంటి పల్లెలలో ఇట్టి దినములందు జరుగు పని మరియొకటి కలదు. అది, ఇల్లు సముద్రములో కూలకముందే ఇంటివారే దానిని విప్పుకొనుట. ముందు పైకప్పు రేకులు దింపుదురు, తరువాత కిటికీలు, చివరకు ద్వారబంధము. ఏ గడపకు ప్రతి శుక్రవారము పసుపు రాచి కుంకుమబొట్లు పెట్టిరో ఆ గడపనే నలుగురు కలిసి గునపముతో పెకలించి, భుజములకెత్తుకొని, వెనుక వీధిలోని చుట్టముల అరుగుమీద చేర్తురు. తలుపు దక్కిన మరల ఇల్లు కట్టుకొనవచ్చునన్నది వారి ఆశ. గోడలను మాత్రము అలకు విడిచివేయుదురు. సగము కోసుకొనిపోయిన గదిలో వంటగూటి మసి, క్యాలెండరు వ్రేలాడిన మేకు, అటకమీద మరచిపోయిన వలపూసలు కనబడుచుండగా, తక్కిన సగమున నీలమైన బంగాళాఖాతము నిండియుండును. ఇచ్చటి వృద్ధులను తమ తాతల ఇల్లు ఎచ్చట నుండెడిదని అడిగినచో, వారు వెనుకకు తిరిగి ఊరివైపు చూపరు. చేయి చాపి సముద్రమువైపు చూపుదురు.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మచిలీపట్నం, కాకినాడల నడుమ తీరము దాటిన మొంథా తుపాను ఈ రోడ్డును మరల దెబ్బతీసినది. నాటినుండి రక్షణగోడ మాట తిరిగి అందరి నోట వినబడుచున్నది. గోడ కావలెననుటలో ఊరివారిది అణుమాత్రమును తప్పు లేదు. పడుకొన్న మంచము క్రిందికి నీరు వచ్చినవాడు మరేమి కోరును? కాని సముద్రపుటొడ్డున ఏదేని కట్టడము లేచునపుడు మూడు ప్రశ్నలు పుట్టును: దానిని ఏ నియమముక్రింద కట్టుదురు, దానివలన ఇరుగుపొరుగు తీరమునకు ఏమగును, కట్టినదానిని పదియేండ్ల తరువాత ఎవరు బాగుచేయుదురు? మొదటి ప్రశ్నకు కాగితములలో జవాబు దొరకును. రెండవదానికి అరకొరగా దొరకును. మూడవదానిని మనము ఇంతవరకు గట్టిగా అడిగియుండలేదు.

ఇసుక నడక

తీరమును గూర్చి తెలియవలసిన మొదటి సంగతి, అది నిలిచియుండు వస్తువు కాదనుట. మన తూర్పుతీరమున ఇసుక నడచును. నైరృతి ఋతుపవన కాలమున అలలు దక్షిణమునుండి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకి, ఇసుకరేణువును కొంత ఉత్తరముగా జరుపును; ఈశాన్య ఋతుపవనము వీచు నెలలలో దానినే కొంత దక్షిణముగా త్రోయును. ఏడాది ముగియునప్పటికి లెక్క చూచినచో ఉత్తరమునకు పోయినదే ఎక్కువ. ఈ విధముగా నెల్లూరు ఒడ్డున కాలి క్రింద నలిగిన ఇసుకయే తరతరముల కాలమున ఉత్తరపు పల్లెలకు మెట్టు మెట్టుగా నడచిపోవుచుండును. పొలమునకు కాలువ ఎట్టిదో పల్లెకారుల పల్లెకు ఈ ఇసుక అట్టిది. పై రైతు కాలువకు అడ్డుకట్ట వేసినచో దిగువ పొలమెండినట్లే, దక్షిణమున ఒక రాతిగోడ సముద్రములోనికి చొచ్చుకొనిపోయినచో ఉత్తరపు ఊరు కోసుకొనిపోవును.

ఈ సంగతికి నిదర్శనమును మన పెద్దలు చెన్నపట్నమున కన్నులార చూచిరి. 1870వ దశకమున అచ్చట కృత్రిమ రేవు నిర్మాణము మొదలైనది. రేవు గోడలకు దక్షిణమున నడచివచ్చు ఇసుక ఆగి ఆగి పేరుకొని, నేడు లోకమెల్ల కొనియాడు మెరీనా బీచి అంత విశాలమైనది. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు ఒడ్డులు కోతకు గురియై రాళ్ళ పాలైనవి. సాయంకాలము మెరీనా ఇసుకలో కూర్చుండి శనగలు తిను మనిషికి, తన క్రిందనున్నది రాయపురపు జాలరి పోగొట్టుకొన్న నేల అని ఎవరును చెప్పరు. పుదుచ్చేరిలో గత శతాబ్దపు చివరి దశకములలో రేవు గోడలు లేచిన తరువాత పట్టణము ఎదుటి బీచి మాయమై, కొన్ని దశాబ్దములు ప్రజలు నల్లరాళ్ళమీద కూర్చుండి సముద్రమును చూడవలసివచ్చినది; ఇటీవలనే, నీటిలో మునిగియుండు దిబ్బను కట్టి, తవ్విన ఇసుకను తెచ్చిపోసి, కొంత బీచిని తిరిగి రాబట్టిరి.

విశాఖపట్నము ఈ విషయమున మనకు గురువు. 1933లో తెరచిన లోపలి రేవునకు తోడు 1976లో వెలుపలి రేవు వచ్చినది. డాల్ఫిన్స్ నోస్ కొండ పొంతన నిలిచిన గోడలవలన ఉత్తరమునకు పోవలసిన ఇసుక దక్షిణమున చిక్కుకొనును. దానిని తవ్వి, గొట్టములద్వారా ఉత్తరపు ఒడ్డునకు, అనగా మనము ఆర్కే బీచి అని పిలుచు చోటికి, చేర్చు ఏర్పాటు దశాబ్దములుగా నున్నది. మనిషి ఆపిన ఇసుకను మనిషియే మోయుట! ఈ మోతలో లోపము కలిగినపుడును, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినపుడును, బీచి రోడ్డు క్రింది నేల జారుట నగరవాసులందరు చూచిరి. అయినను, గోడ కట్టినవాడే ఇసుక లెక్క ఒప్పజెప్పవలెనన్న ధర్మము ఇచ్చట ఆచరణలో నున్నది. ఆ ధర్మము పెద్ద నౌకాశ్రయమునకు వర్తించినట్లు చిన్న జెట్టీకిని, చేపల రేవునకును వర్తింపవలెననుటయే ఈ వ్యాసకర్త వాదము.

ఉప్పాడ ఎందుకు కరుగుచున్నది

ఉప్పాడకు దక్షిణముగా గోదావరి సముద్రమున కలియుచోటనుండి ఒక సన్నని ఇసుకనాలుక ఉత్తరమునకు సాగియున్నది. మ్యాపులలో దానిపేరు హోప్ ఐలాండ్. గత రెండు శతాబ్దములుగా పెరిగి పెరిగి పదునారు కిలోమీటర్ల పొడవైన ఈ దిబ్బ కాకినాడకు తల్లి కొంగువంటిది. తుపాను అలలు ముందు దీనికి తగిలి, బలము తగ్గి, పిమ్మట రేవులోనికి వచ్చును. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇక్కడనే గుడ్లు పెట్టును. దీని వెనుకనే కోరింగ మడ అడవులు. 1978లో ఆ ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించిరి. కాని కొంగు కప్పినంత మేరయే కాపు. దిబ్బ కొనను దాటి వంగి వచ్చు అలల తాకిడి సూటిగా ఉప్పాడమీద పడును. నడచిరావలసిన ఇసుకను దిబ్బయే తనలో దాచుకొనును.

దీనికి తోడు నది పేదదైనది. 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైనది. ఎగువన గత శతాబ్దమంతయు జలాశయములు లేచినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 1970వ దశకమున గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసికొనిరాగా, 1990వ దశకమున అది 6 కోట్ల టన్నులకు లోబడినది. ఆ నీటితో మూడు పంటలు పండించుకొనుచున్న మనము ఆనకట్టను నిందింపరాదు. కోనసీమకు అన్నము పెట్టినది అదియే. కాని డెల్టా పొలము తిన్న అన్నములో ఉప్పాడ ఇల్లు కొంత కరిగియున్నదన్న సత్యమును మాత్రము మరువరాదు.

[బాక్స్] కోత లెక్క
జాతీయ తీర పరిశోధన కేంద్రము ఉపగ్రహ చిత్రములతో 1990నుండి 2018వరకు జరిపిన పరిశీలన ప్రకారము, దేశపు ప్రధాన భూభాగ తీరములో 33.6 శాతము కోతకు గురియగుచున్నది, 26.9 శాతము మేట వేయుచున్నది. తక్కినది నిలకడగా నున్నది. ఆంధ్రప్రదేశ్ తీరములో కోత పాలు 28.7 శాతము. ఈ మూడంకెలను కలిపి చదువవలెను: ఒకచోట పోయినదానిలో కొంత మరియొకచోట మేటయై చేరుచున్నది.

హద్దు గీచిన ఉత్తరువులు

ఒడ్డునకు చట్టమును మనము నిన్న మొన్న కనిపెట్టలేదు. బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రాలయములో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. పూర్వపు రాజులు, తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును బలవంతముగా హరించెడివారు. గణపతిదేవుడు దానిని మాన్పి, నియతమైన సుంకముమాత్రమే గ్రహింతునని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ఏడువందల డెబ్బదియేండ్లకు పైబడిన ఆ శిలమీది మాటలో తీరనియమమునకు ఉండవలసిన లక్షణమంతయు నున్నది: ఒడ్డున బలవంతుని చేయి కట్టి, దుర్బలునకు నిలువ చోటిచ్చుట.

ఆధునిక కాలమున ఈ పనికి నాంది 1981 నవంబరులో ఇందిరాగాంధీ తీరరాష్ట్రముల ముఖ్యమంత్రులకు వ్రాసిన లేఖ. పోటు నీరు చేరు గరిష్ఠపు గీతనుండి 500 మీటర్ల మేర బీచిని కట్టడములు లేకుండ కాపాడవలెనని ఆమె కోరిరి. పదియేండ్లకు, 1991 ఫిబ్రవరి 19న, అది పర్యావరణ పరిరక్షణ చట్టముక్రింద సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలము) ప్రకటనయై శాసనబలము పొందినది. ఆ ప్రకటనకు ఇరువదికి మించిన సవరణలు జరిగినవి. 2008లో దానిస్థానమున మరియొక ముసాయిదాను తేగా, దేశమంతట మత్స్యకారులు ఎదిరించిరి. ప్రభుత్వము దానిని విరమించుకొనవలసివచ్చినది. ఈ ఘట్టము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఏ నియమము తమ గుడిసెల మరమ్మతునకు అడ్డువచ్చునని ఫిర్యాదు చేయుచుండిరో, ఆ నియమమే పోవు సమయము వచ్చునప్పటికి దానికి కాపుగా నిలిచినవారు కూడ ఆ గుడిసెలవారే. చట్టము తమను ఇబ్బంది పెట్టునని వారెరుగుదురు. చట్టము లేనినాడు తమ ఒడ్డు హోటళ్ళకు, గోదాములకు పోవునని అంతకంటె బాగుగ నెరుగుదురు. పిమ్మట 2011లోను, 2019లోను కొత్త ప్రకటనలు వచ్చినవి.

[బాక్స్] ఏ గీత ఎవరిది?
పున్నమి, అమావాస్యల పెద్దపోటు నేలమీద చేరు గీత గరిష్ఠ పోటు రేఖ. దానినుండియే నేలమీది దూరములను కొలుతురు.
సీఆర్‌జెడ్–1: మడ అడవులు, ఇసుకదిబ్బలు, తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు చోట్లు, ఆటుపోట్ల నడుమ తడిసి ఆరు నేల.
సీఆర్‌జెడ్–2: ఇప్పటికే ఇండ్లతో నిండిన పట్టణ తీరము.
సీఆర్‌జెడ్–3: గ్రామీణ తీరము. 2019 ప్రకటన ప్రకారము, 2011 జనగణనలో చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించి జనమున్న చోట కట్టడములు కూడని మేర 50 మీటర్లు. అంతకు తక్కువైనచోట 200 మీటర్లు.
సీఆర్‌జెడ్–4: సముద్రజలము, 12 నాటికల్ మైళ్ళవరకు.
రేవులు, జెట్టీలు, లైటుహౌసులు, కోతను ఆపు పనులు నీటి అంచున ఉండక తప్పనివి గనుక, ముందుగా అనుమతి పొంది కట్టవచ్చును.

రెండు గోడలు, రెండు దారులు

నీటి అంచున పెద్ద కట్టడమునకు దారి ఇట్టిది. అధీకృత సంస్థచేత 1:4000 ప్రమాణమున పటము గీయించి, అందులో గరిష్ఠ, కనిష్ఠ పోటు రేఖలను గుర్తింపవలెను. పర్యావరణ ప్రభావ నివేదికను జతపరచి రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీకి సమర్పింపవలెను. తడినేలమీద, నీటిలో కట్టుపనులైనచో దస్త్రము ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వశాఖవరకు పోవును. 2019 ప్రకటన ప్రకారము వచ్చిన అనుమతికి ఏడేండ్ల గడువు. షరతులు ఎంతవరకు పాటించిరో ఆరేసి నెలలకు నివేదిక పంపవలెను. పని పెద్దదైనచో దీనికి సలహాదారులుందురు, ఇంజినీర్లుందురు, ఓపికగల గుమాస్తాలుందురు.

మరి చిన్నగోడ సంగతి? పల్లెలో ఒకడు గ్రామ సచివాలయమునకు పోవును. "సారూ, తూర్పు గోడ పడిపోయిందండి, మళ్ళీ లేపుకోవాలండి" అని చేతులు కట్టుకొని నిలుచును. "నీది సీఆర్‌జెడ్‌లో ఉందయ్యా, కుదరదు" అన్న జవాబు వచ్చును. ఈ జవాబు చాలసార్లు అజ్ఞానమువలన వచ్చునది. 2011 ప్రకటనయే, పోటు రేఖకు 100నుండి 200 మీటర్ల నడుమ సంప్రదాయ తీరవాసుల ఇండ్ల నిర్మాణమునకు, పునర్నిర్మాణమునకు చోటిచ్చినది. అధికృతముగా నున్న ఇంటిని అదే పునాదిమేర బాగుచేసికొనుటను నిషేధింపలేదు. 2019 ప్రకటన, 300 చదరపు మీటర్లలోపు సొంత నివాసపు ఇంటికి పట్టణ, గ్రామీణ మండలములలో స్థానిక సంస్థయే అనుమతి ఇచ్చునట్లు సులభము చేసినది. కాని పల్లెలోని అనేక గృహములకు పట్టా లేదు. పట్టా లేనిదే "అధికృత" మన్న మాట వర్తింపదు. తాత కట్టెను, తండ్రి పెంకు వేయించెను, కొడుకు స్లాబు పోసెను. మూడు తరముల కాపురమునకు సాక్ష్యము కరెంటు బిల్లుమాత్రమే. చట్టము తలుపు తెరచియున్నను, ఆ తలుపువరకు నడచుటకు కావలసిన కాగితము వీరి చేతిలో లేదు. ఇది చట్టపు నిర్దయ కాదు. రెవెన్యూ దస్త్రముల నిర్లక్ష్యము. దీనిని సరిచేయుటకు ఢిల్లీ పోనక్కరలేదు. గ్రామమున ఒక సర్వే చాలును.

హద్దు విషయమున బలవంతులును చిక్కులలో పడిరి. కేరళలో కొచ్చి చెంత మరడు వద్ద, జలాల అంచున లేచిన నాలుగు బహుళ అంతస్తుల భవన సముదాయములను సుప్రీంకోర్టు 2019 మే నెలలో అక్రమములని తీర్పు చెప్పగా, 2020 జనవరి 11, 12 తేదీలలో పేలుడు పదార్థములతో నేలమట్టము చేసిరి. క్షణములలో దుమ్ముగా మారిన ఆ మేడలను టీవీలలో మనము వినోదముగా చూచితిమి. అందు కొన్నవారు ఉద్యోగపు పొదుపు పెట్టినవారు; అనుమతి కాగితము సరియైనదని నమ్మి వచ్చినవారు. నియమమును కట్టకముందు అడ్డుపెట్టియుండినచో ఒక సంతకముతో ముగియవలసినది, కట్టిన తరువాత ఎన్ని కుటుంబముల కన్నీటితోనో ముగిసినది.

రాయి క్రింది నేల

ఇక కట్టుట అటుంచి, నిలుపుట విషయము చూతము. రక్షణగోడ దూరమునుండి రాళ్ళకుప్పవలె కనబడును. నిజమునకు అది పొరలుగల శరీరము. అడుగున ఇసుకను పట్టియుంచి నీటిని మాత్రము పోనిచ్చు గట్టి వడకట్టు గుడ్డ. దానిపై పిడికిలియంత రాయి. దానిపై మోయదగినంత రాయి. అన్నిటిపైన క్రేనుతో తప్ప కదలని బండలు. ఈ వరుసలో ఏది తప్పినను గోడ చచ్చును. వడకట్టు గుడ్డ లేనిచో ప్రతి అలయు వెనుకకు పోవునపుడు బండల సందునుండి చెంచాడు ఇసుకను పీల్చుకొనిపోవును. చెంచాడే గదా అనుకొందుము. రోజుకు వేలకొలది అలలు. కొన్ని నెలలకు గోడ వెనుక రోడ్డుమీద చిన్న గుంట కనబడును. వాన నీరనుకొని మట్టి పోయుదురు. మరునాటికి మట్టియు పోవును. గోడ ముందుకు వంగదు, విరిగిపడదు. నిలిచినచోటనే, మోకాళ్ళు మడిచిన ముసలివానివలె, క్రిందికి కుంగిపోవును. తుపాను వచ్చినదినమున కూలెనని వార్తలో వ్రాయుదుము. కాని అది కూలుట మొదలిడినది ఎవరును చూడని ఒక మామూలు మంగళవారమున.

ఉప్పాడవద్ద ఒకప్పుడు రాయికి బదులు జియోట్యూబును ప్రయోగించిరి. పెద్ద గుడ్డగొట్టములను ఇసుకనీటితో నింపి ఒడ్డు పొడవున కొండచిలువలవలె పరచిరి. అది చక్కని ఆలోచనయే. ఇసుకతో ఇసుకను కాపాడుట. కాని గుడ్డకు ఎండయు శత్రువు, లంగరు కొనయు శత్రువు, కొట్టుకొనివచ్చు దుంగయు శత్రువు. చిన్న చిరుగును ఆనాడే కుట్టినచో గొట్టము బ్రతుకును. కుట్టు మనిషి లేనిచో ఒక్క ఋతువులో లోని ఇసుకంతయు కారిపోయి, ఖాళీ సంచి మిగులును. మిగిలినదదియే. ఆ ప్రయోగము విఫలమైనదని లోకము తీర్పు చెప్పినది. నా మట్టుకు, చాకిరీ చేయు మనిషిని నియమింపకపోవుటవలన ఏ ప్రయోగమైనను విఫలమగునని చెప్పుట న్యాయము.

కాంక్రీటు జెట్టీ సంగతియు ఇట్టిదే. స్తంభము నీటిలో మునిగినచోట కాదు, ఎల్లప్పుడు ఎండినచోట కాదు, తడిసి ఆరు ఆ నడుమ గజములోనే రోగము పుట్టును. ఉప్పు లోనికి చొచ్చి ఇనుపచువ్వను త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన చువ్వ ఉబ్బును. ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీయును. సన్నని పగులు, దానివెంట గోధుమరంగు చార కనబడిననాడే వైద్యము చేసినచో అది మేస్త్రీ పని. విడిచినచో రేవు మూసివేయవలసిన పని. చేపల రేవులకైతే మరియొక వ్యాధి మొగ పూడుట. పడవలు లోనికి వచ్చు మొగలో ఇసుక మేట వేసి, నీరు తగ్గినవేళ ఇంజను పడవ అడుగు తాకి బోర్లపడు ప్రమాదము మన తీరమున ఏ మత్స్యకారుని అడిగినను చెప్పును. తవ్వుట ఏటేటా చేయవలసినది. ఇప్పుడు జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడలలో కొత్త చేపల రేవులు తలపెట్టి, కోట్లు వెచ్చించుచున్నారు. సంతోషము. మత్స్యకారునికి సురక్షితమైన రేవు అతని హక్కు. అయితే ఆ రేవు మొగను తవ్వు డబ్బు, గోడకు ఉత్తరమున కోసుకొనిపోవు ఊరికి ఇసుక మోయు డబ్బు, మొదటి అంచనాలోనే చేరవలెను.

గోడ ఇచ్చిన రక్షణలో దాగియున్న నష్టమొకటి చెప్పక తప్పదు. ఇసుక ఒడ్డు అలకు పరుపువంటిది. అల దానిమీద ప్రాకి, అలసి, వెనుకకు పోవును. రాతిగోడ అలను ఎదిరించి కొట్టును. తిరిగిపోవు నీరు గోడ పాదమును తవ్వును. కొంతకాలమునకు గోడ ముందు ఇసుకయే మిగులదు. ఇల్లు దక్కును గాని, తెప్పను లాగుటకు చోటు పోవును. వల ఆరవేయుటకు, చిరిగిన వల బాగుచేయుటకు, చేపలు ఎండబెట్టుటకు, వేలము పాడుటకు, పిల్లలు ఆడుకొనుటకు, చివరకు చనిపోయినవారిని సాగనంపుటకు ఆ ఒడ్డే గదా పల్లెకు మైదానము! సముద్రము ఎదుటనే యుండి, సముద్రములోనికి దిగు దారి లేని మత్స్యకారుని దుఃఖము గోడ అంచనా పత్రములో ఏ పద్దుక్రిందను చేరదు. కావుననే గోడ తప్పనిసరియైనచోట గోడయు, తక్కినచోట ఇసుక పోయుటయు, దిబ్బమీద సరుగుడు, ఇసుకను పట్టు తీగెలు వంటివి పెంచుటయు, మడ అడవిని నరకకుండుటయు కలిపి ఆలోచింపవలెను. తుపాను మరునాడు అత్యవసరమను పేర లారీలతో తెచ్చి క్రుమ్మరించు రాయికి వడకట్టు గుడ్డ ఉండదు, పటము ఉండదు, అనుమతి ఉండదు, ఆయువును ఉండదు.

ప్రభుత్వమునకు చేయు మనవి ఒక్కటే. తీరమున కట్టడమునకు అనుమతి ఇచ్చునపుడు, ఇసుక ఎటు పోవునో చూపు లెక్కను, నిర్వహణకు ఏటేటి నిధిని, బాధ్యుడైన అధికారి హోదాను అనుమతి పత్రములోనే వ్రాయించుడు. ఆరునెలల నివేదికను తెలుగులో, పంచాయతీ గోడమీద అంటించుడు. 2019 ప్రకటన, ముప్పు రేఖను విపత్తుల ప్రణాళికకే పరిమితము చేసి, కట్టడముల అనుమతికి కొలబద్దగా ఉంచలేదు. సముద్రము ఎంతవరకు రాగలదో తెలిపెడు గీతను గీచిపెట్టుకొని, కట్టునపుడు దానిని చూడనక్కరలేదనుట సరికాదు.

తీరవాసులకు చేయు మనవియు ఒకటున్నది. మీ ఊరి తీరపటము ముసాయిదా ప్రజాభిప్రాయమునకు వచ్చునపుడు పోటు రేఖను ఎవరో దూరమునుండి చూచి గీచిన గీతగా మీ ముందు పెట్టుదురు. ఆనాడు నోటిమాట చాలదు. కనుక ఈ పున్నమినుండియే మొదలుపెట్టుడు. రామాలయమువద్దనో బడివద్దనో కదలని గుర్తునుండి పెద్దపోటు ఎంత దూరమువరకు వచ్చినదో అడుగులతో కొలిచి, తేదీతో ఒక పుస్తకములో వ్రాసి, ఊరి పెద్దలచేత సంతకము చేయించుడు. పున్నమికి ఒకటి, అమావాస్యకు ఒకటి. ఏడాదికి ఇరువదినాలుగు పంక్తులు. బడిపిల్లలు చేయదగిన పని. అధికారి పటము విప్పిన దినమున ఆ పుస్తకమును బల్లమీద పెట్టుడు.